దొర కారు వెనక సీటు

దయ్యం ఉందని ఎవరైనా అంటే, ఎక్కడుందో చూపించమని వాదించే మనిషిని నేను. ఇప్పటికీ ఉందని అనను. జరిగింది మాత్రం చెబుతాను.

మలేసియాలోని బాంటింగ్‌లో కార్ల సీట్లు కుట్టడం నా పని. పోయిన ఏడాది క్లాంగ్ నుంచి ఒక చైనీస్ వ్యాపారి పాత అమెరికా కారు తెచ్చాడు. పైకప్పు వెనక్కి మడిచే రకం, రెండే తలుపులు. యాభైలలో కొద్ది కార్లే చేసి ఆపేశారట. ఇంజన్, రంగు అన్నీ బాగుచేయించాడు. సీట్లు మిగిలాయి. పాతవి స్ప్రింగులతో సహా పీకేసి కొత్తవి వేశాను.

మర్నాడు వెనక సీటు మీద జానెడు మేర తడి కనిపించింది. వాన లేదు. తోలు విప్పితే లోపల స్పాంజి పొడిగా ఉంది. ఎండబెట్టాను. మళ్లీ తడి. మూడుసార్లు విప్పి కుట్టాను. పని చేతకాదనుకుంటారని ఎవరికీ చెప్పలేదు.

ఆ వారంలోనే అమ్మమ్మని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లి, మధ్యాహ్నం షాపులో కూర్చోబెట్టాను. రెండు కళ్లకీ పొరలు, ఆమెకి నీడలు తప్ప కనబడవు. తడుముకుంటూ కారు దగ్గరికి వెళ్లి, వంగి, సరిగ్గా ఆ తడి మీద చెయ్యి పెట్టింది.

"ఈ కారు నీకాడికి ఎలాగొచ్చినాదిరా?"

"ఏటైనాది అమ్మమ్మా?"

"మా అప్ప ఇక్కడే నా ఒళ్లో సచ్చిపోనాది."

ఆమెకి ఒక అక్క ఉండేదని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నొప్పులు మొదలై రెండు రోజులైనా బిడ్డ బయటికి రాలేదట. చివరికి వాళ్లు పనిచేసే ఎస్టేట్ దొర కారిచ్చాడు. ఆసుపత్రి చేరేలోపే రక్తం పోయి అక్క చనిపోయింది. సీటు పాడైందని తిట్టి, దాన్ని అమ్మమ్మ చేతే కడిగించాడు దొర. అప్పటికి ఆమెకి పద్నాలుగేళ్లు.

కాసేపు ఎక్కి కూర్చుంటానంది. కూర్చోబెట్టాను.

"దిగు అమ్మమ్మా, ఎండెక్కువైపోనాది" అన్నాను. దింపి తలుపు వేయబోతే నా చెయ్యి పట్టుకుంది.

"ఉండు, మూసీకు. అప్పని దిగనీ."

తలుపు పట్టుకుని నిలబడ్డాను. మనిషి దిగినప్పుడు లేచినట్టు, ఖాళీ కారు మా వైపు కొద్దిగా పైకి లేచింది. అమ్మమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

తర్వాత ఓనరుని అడిగాను. బాగన్ దాతుక్‌లో ఒక కొబ్బరి ఎస్టేట్ షెడ్డులో దొరికిందన్నాడు. అమ్మమ్మ పుట్టి పెరిగింది అక్కడే. కారు అక్కడిదని అంతకుముందు నాకు తెలియదు, ఆమెకి చెప్పినవాళ్లూ లేరు.

జాకీ పెట్టి కింద స్ప్రింగులన్నీ చూశాను. లోపమేమీ లేదు. ఆ మధ్యాహ్నం తలుపు దగ్గర మేమిద్దరమే ఉన్నామని మాత్రం ఒట్టేసి చెప్పలేను.