ఏడు గంటలకు తెరిచే గేటు

సముద్రం ఒడ్డున ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో ఆడపిల్లల హాస్టల్ గేటు పొద్దున ఏడు గంటలదాకా తెరవరు. అదే ఆవరణలో మగపిల్లల హాస్టల్‌కూ గేటు ఉంది, దానికి తాళం లేదు. ఇది అన్యాయం.

ఆ గేటుతో నాకేం పని అంటారేమో. నా మనవరాలు చిక్కబళ్ళాపురంలో రెండో పీయూసీ, అంటే ఇంటరు, ముగించింది. గణితంలో గట్టిది. పోయిన ఏడాది కాలేజీవాళ్ళు మంగళూరు దిక్కున వారం రోజుల శిబిరానికి తీసుకుపోతే అక్కడ సర్ఫింగ్ నేర్చుకుని వచ్చింది. పొడుగాటి పలక మీద నిలబడి అలతోపాటు ఒడ్డుకు జారి రావడమే ఆ ఆట. మాది బాగేపల్లి దగ్గర పల్లె. బోరు ఎంత లోతుకు దించినా దుమ్ము లేచే నేల. ఇక్కడ పుట్టిన పిల్ల అల మీద నిలబడిందంటే నేను నమ్మలేదు. ఫోన్లో వీడియో చూపించింది. నాలుగుసార్లు చూశాను. ఐదోసారి పెట్టమనడానికి సిగ్గేసింది.

ఈత మాత్రం నేను నేర్పిందే. మా పొలంలో వాననీళ్ళు నిలవడానికి గుంట తవ్వి ప్లాస్టిక్ పరిచి ఉంది, కృషిహొండ అంటాం. పిల్ల వీపుకు ఎండు సొరబుర్ర కట్టి అందులోకి దించాను. నెల తిరక్కముందే బుర్ర విప్పి పారేసింది.

చదువూ అలలూ రెండూ ఉన్నచోట చేరతానని అది పట్టుబట్టింది. నా కొడుకు వినలేదు. "నాయనా, బెంగళూరు గంటన్నర దారి. పలక మీద నిలబడేదానికి డిగ్రీ యాడ ఇస్తాండారు?" అని నన్నడిగాడు, నేనేదో ఎగదోసినట్టు. చివరికి ఒక మాటకు వచ్చాడు. రెండూ కుదిరితే సముద్రం. లేకుంటే నెలాఖరు శనివారం బెంగళూరు సీటు ఖాయం చేసేస్తాడు. అప్పటికి నాలుగు వారాల గడువుంది.

సముద్రం ఒడ్డున కాలేజీలు చూడడానికి మనవరాలూ నేనూ బస్సెక్కాం. దాని నోటుపుస్తకంలో ప్రతి పేజీకీ నడుమ గీత కొట్టి ఉంది: ఎడమవైపు పాఠాలు, కుడివైపు అలలు. మొదటిచోట పాఠాలు బాగున్నాయి, సముద్రం మాత్రం రేవుగోడ వెనక కదలకుండా పడుకుని ఉంది. రెండోచోట అలలు చూసి పిల్ల చెప్పులు విడిచి పరిగెత్తింది. గణితం చెప్పే అయ్యవారు తరగతికి రాక ఏడాదయిందని అక్కడి పిల్లలే చెప్పారు. మూడోచోట, నేను మొదట చెప్పిన విశ్వవిద్యాలయంలో, ఒక మేడమ్ గంటసేపు దీన్ని కూర్చోబెట్టుకుని లెక్కలు చేయించింది. కిటికీలోంచి చూస్తే అలలు ఒకదాని వెనక ఒకటి పొందికగా వస్తున్నాయి. పిల్ల రెండువైపులా టిక్కు పెట్టింది.

అప్పుడు తెలిసింది గేటు సంగతి. ఎనిమిదికి గాలి లేస్తే నీళ్ళు చెదిరిపోతాయట; మంచి అలలు ఐదున్నర నుంచి ఎనిమిదిదాకానే. తొమ్మిదికి తరగతి. ఏడుకు గేటు తీస్తే బట్టలు మార్చుకుని పలక మోసుకుపోయేసరికి మిగిలేదేముంది? వార్డెనమ్మ మంచి మనిషే, మజ్జిగ ఇచ్చింది. కన్నడంలో నెమ్మదిగా, ఇది నియమం సార్ అంది. ఆ నియమం ఏ కాగితంలో ఉందో చూపించమ్మా అన్నాను. ఎప్పటినుంచో ఉంది అంది. నేను అడిగింది ఎప్పటినుంచని కాదు.

నా పదో ఏట, ఇంట్లో పట్టుపురుగులకు ఆకు కోసిపెట్టి బడికి పోయేసరికి గంట కొట్టేవాళ్ళు, గేటు వేసేవాళ్ళు. వరసగా తొమ్మిది రోజులు బయట నిలబడ్డాను. పదో రోజు పోలేదు. తర్వాత చింతామణి తాలూకాఫీసు ముందు అర్జీలు రాసే ఆయన పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే నాకు తెలిసిన చదువంతా అర్జీయే.

గేటు గురించి విశ్వవిద్యాలయానికి కన్నడంలో నాలుగు పేజీలు రాశాను. మా దిక్కున అర్జీ అంటే వెనక పత్రాలు ఉండాలి, లేకుంటే బల్ల మీదే పడి ఉంటుంది. కుల, ఆదాయ పత్రాలు పెట్టాను. పిల్లకు ఈత వచ్చునని పంచాయితీ పత్రం కూడా కావాలనిపించింది. పంచాయితీ అధికారిని అడిగాను.

"దానికి ఫార్మాట్ లేదప్పా" అన్నాడు.

"నువ్వు రాస్తే అదే ఫార్మాట్" అన్నాను.

పాపం, స్కూటర్ మీద పొలానికి వచ్చాడు. ఆయనకు ఈత రాదు. గట్టుకు పది అడుగుల అవతలే నిలబడి, పిల్ల ఇరవైసార్లు అటూఇటూ ఈదుతుంటే వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. పక్క తోటలో పట్టుపురుగుల ఆకు కోస్తున్న ఆడవాళ్ళు కొడవళ్ళు పట్టుకుని చూడ్డానికి వచ్చారు. "నీళ్ళలో ఉండేది పాప, చెమట పట్టేది సాహేబ్రుకు" అని అందులో పెద్దామె అంటే ఆయనా నవ్వి అక్కడే ముద్ర కొట్టాడు.

మనవరాలు మాత్రం తల పట్టుకుంది. "తాతా, ఎవరన్నా ఈతకు పంచాయితీ ముద్ర పంపిస్తారా? ఆడ అందరూ నవ్వుతారు చూడు" అంది. నవ్వనీ, చదివితే చాలన్నాను. రిజిస్టర్ పోస్టులో పంపించాను.

మొదటి వారం జవాబు లేదు. రెండో వారం బుధవారానికి నా కొడుకు బెంగళూరు సీటు కాగితాలు బల్ల మీద సర్దిపెట్టాడు. పిల్ల నోటుపుస్తకం మూసి అలమరలో పెట్టేసింది. శుక్రవారం మధ్యాహ్నం విశ్వవిద్యాలయం నుంచి తపాలా వచ్చింది. కన్నడంలో ఉన్న ఆ జవాబును ఇక్కడ తెలుగులో పెడుతున్నాను:

"మాన్యులకు, తమ అర్జీ అందింది. సదరు నియమం ఏ దస్త్రంలో ఉందో మేమూ వెతికాం, కనబడలేదు. కనుక రెండు హాస్టళ్ళకూ ఇకమీదట ఒకటే నియమం, గేట్లు ఐదుకే తెరుస్తాం. బయటికి పోయేవారు ఎవరైనా పుస్తకంలో సంతకం చేయాలి, ఎనిమిదిన్నరకు తిరిగి రావాలి. ఈ మాట చెప్పిన రోజే తొమ్మిదిమంది అమ్మాయిలు సముద్రానికి పోతామని పేర్లిచ్చారు. వారిలో ఈత వచ్చినవారు ఇద్దరే. మీ మనవరాలు ఇక్కడే చేరేటట్టయితే మిగిలినవారికి ఈత నేర్పగలదేమో అడిగి తెలుపవలసిందిగా వార్డెన్‌గారు కోరుతున్నారు. నేర్చుకోవలసినవారిలో తానూ ఉన్నానని కూడా రాయమన్నారు."