లింగస్వామి, రెండు కంట్రోలర్లు

లింగస్వామి ఎనిమిది వేళ్లతోనే లెక్కపెడతాడు. బొటనవేళ్లు రెండూ అరచేతుల్లోకి ముడిచేసి, ఏడు తర్వాత పది అంటాడు. ముసలాయనకు మతి తప్పిందనుకుంటారు జనం. ఆయన మిషన్ అలాగే లెక్కపెడుతుంది మరి.

మన్సూరాబాద్‌లో ఆయన కిరాయికుంటున్న రేకుల ఇంటి ముందుగదిలో ఉంటుందది. ఫ్రిజ్ అంత ఎత్తున్న పాతకాలపు కంప్యూటర్. హైవే పక్కన నూలు మిల్లు నడిచినన్నాళ్లూ కార్మికుల హాజరంతా అందులోకే ఎక్కింది. నల్గొండ పల్లె నుంచి వచ్చి కంప్యూటర్ గదిలో ప్యూన్‌గా చేరిన లింగస్వామి, ఇంజనీర్లకు చాయ్ అందిస్తూ, ఆ మిషన్‌ను నడిపే యూనిక్స్ నేర్చుకున్నాడు. మిల్లు మూతపడ్డాక డిగ్రీలున్నవాళ్లు వేరే కొలువులు చూసుకున్నారు. ఆయన మాత్రం తుక్కుకు పోతున్న మిషన్‌ను ట్రాలీలో వేసుకుని, తాళ్లు పట్టుకుని పక్కనే కూర్చుని ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆ శనివారం మధ్యాహ్నం యాదలక్ష్మి ఆయన గడపలో కూర్చుని ఉంది. మిల్లులో దూది ఏకే సెక్షన్‌లో చేసిన మనిషి. ఊపిరితిత్తులు పోయాయి. ఆమె క్యాంటీన్‌లో పనిచేసిందని కంపెనీ వకీలు అంటున్నాడు. కాగితం రిజిస్టర్లు వరదలో నానిపోయాయి. పరిహారం రావాలంటే సోమవారం డాక్టర్ల బోర్డు ముందు రుజువు పెట్టాలి. అది ఈ డిస్కులో తప్ప ఇంకెక్కడా లేదు.

డిస్కు వయసు ముప్పై ఎనిమిదేళ్లు. అటూ ఇటూ వెతికితే చస్తుంది. ఒక్క విడతలో మొదటి నుంచి చివరిదాకా మెమరీ కార్డులోకి దించుకోవాలి. డిస్కును మిషన్‌తో కలిపే కార్డు కంట్రోలర్; మెమరీ కార్డుకు అలాంటిదే రెండోది కావాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసుకునే నేను దాన్ని ఎక్కడెక్కడో వెతికి తెప్పించాను. అయితే రెండు కంట్రోలర్లూ ఒకే నంబరుతో వచ్చాయి. అలాగే బిగిస్తే కొత్తదానికి పంపిన రాత పాతదాని మీద పడొచ్చు. పడితే యాదలక్ష్మి ఎప్పుడూ ఏ మిల్లులోనూ లేనట్టే.

లింగస్వామి జడపిన్ను కొసతో కొత్త కార్డు మీది చిట్టి స్విచ్‌లను ఒక్కొక్కటే జరిపి వేరే నంబరు పెట్టాడు. యూనిక్స్ పట్టికలో నేను అదే నంబరు రాశాను. ఆయన వేళ్లు ముడిచి నాలుగుసార్లు సరిచూశాడు.

పవర్ వేశాం. డిస్కు కీచుమంటూ లేచింది. తెర మీద పాత కంట్రోలర్ పలికింది. కొత్తది ఉందని చూపించింది కానీ బదులివ్వలేదు. ఆపాం. మళ్లీ వేశాం. అదే వరస. ఒక్కో స్టార్టుకు డిస్కు ఆయుష్షు తరుగుతున్నట్టే అనిపించింది నాకు.

"ఏందన్నా, పాయెనా?" అంది యాదలక్ష్మి.

"నోరు మంచిగ పెట్టు" అన్నాడు లింగస్వామి.

"నోరు మంచిగనే ఉంది. ఊపిరే లేదు."

లింగస్వామి మిషన్ వెనక చెయ్యి పెట్టి తడిమాడు. రెండు కంట్రోలర్ల మధ్య ఒక అర ఖాళీగా ఉంది. అక్కడ చిప్పులేవీ లేని చిన్న కార్డు ఉండాలి. దాని పనల్లా ముందు కార్డు నుంచి వచ్చిన వంతును వెనక కార్డుకు అందించడమే. అది లేకపోతే అవతల ఉన్నదానికి వంతే రాదు.

"అండాలూ! ఈడ కార్డేది?"

వంటగదిలోంచి ఆయన భార్య అండాలమ్మ వచ్చింది. "దసరాకు నువ్వు కంటి ఆపరేషనై పండుకున్నవ్. ఆయుధపూజకు గంత పెద్ద డబ్బను నేనెట్ల లేపుత? పనికొచ్చేది తీస్తే తిడ్తవని, ఏం లేని ముక్కను తీసి అమ్మవారి ముందట పెట్టిన."

తెచ్చి ఇచ్చింది. రాగి గీతల మీద పసుపు, కుంకుమ గట్టిపడి ఉన్నాయి. ఆయన దూదిని స్పిరిట్‌లో ముంచాడు.

"బొట్టు తుడుస్తవా? ఆడమనిషి ఎదురుంగ కూసుంటె!"

"ఉంచితే మిషన్ పోతదే."

తుడుస్తున్నంతసేపూ యాదలక్ష్మి మొహం తిప్పుకుని కూర్చుంది.

మూడోసారి రెండూ పలికాయి. కాపీ ఆజ్ఞ టైప్ చేశాక, ఎంటర్ మీట మీద నా వేలు ఆగిపోయింది. రెండు పేర్లు తారుమారైతే ఖాళీ మెమరీ కార్డు వెళ్లి డిస్కును తుడిచేస్తుంది.

"ఏడికెళ్లి?" అన్నాడు లింగస్వామి.

"పాతదాంట్లకెళ్లి, కాకా."

"ఏడికి?"

"కొత్తదాంట్లకు."

మూడుసార్లు చెప్పించాడు. అప్పుడు నొక్కాను.

పావుగంటకు డిస్కులో ఇనుము రాసుకున్న చప్పుడైంది. కాపీ ఆగిపోయింది. దిగినంతవరకే మెమరీ కార్డులో వెతికాను. దొరికింది. యాదలక్ష్మి, టోకెన్ మూడు వందల పన్నెండు, దూది ఏకే సెక్షన్, పదకొండేళ్లు. ప్రింట్ తీసి చేతిలో పెట్టాను.

ఆమెకు చదువు రాదు. వరస మీద వేలు పెట్టి, "ఇదేనా నేను?" అంది. కొంచెం ఆగి, "మరి సుమిత్రమ్మది? నా పక్క మిషనే. నాకంటె ఎక్కువ ఆయాసం. బడంగ్‌పేట్ కెళ్లి తోలుకొచ్చిన, బయట ఆటోల కూసుంది" అంది.

సుమిత్రమ్మ టోకెన్ ఆరు వందలు దాటింది. కాపీ ఐదు వందల దగ్గరే ఆగింది.

లింగస్వామి మిషన్ ఆపి, మళ్లీ వేయడానికి పవర్ స్విచ్ మీద వేలు పెట్టాడు. నొక్కలేదు. "జర సల్లారనీ" అన్నాడు.

"ఎంతసేపన్నా?"

ఆయన స్విచ్ వదిలి, వేడెక్కిన డిస్కు మీద అరచెయ్యి ఆనించాడు. యాదలక్ష్మి లేచి, తన కాగితాన్ని మడిచి జాకెట్లో దోపుకుని, పైన కొంగు కప్పుకుని ఆటో వైపు నడిచింది.