రాతి మీది ఆఖరి మాట

ఈ మాటను మోయడం నాకు అలవాటైపోయింది. అలవాటైనంత మాత్రాన బరువు తగ్గలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

ఖరగ్‌పూర్‌లో మా రైల్వే క్వార్టర్ల మలుపు దగ్గర ఒక నల్లరాయి ఉంది. సరిహద్దులో చనిపోయిన మా పక్కింటి సూరి పేరు దాని మీద చెక్కి ఉంది. పేరు కింద, అతని ఆఖరి మాట అని ఒక వాక్యం: ‘దేశం పిలిచింది, ఇక ఆగలేనని అమ్మకు చెప్పండి.’

ఆ వాక్యం సూరిది కాదు. నాది.

నేను రిజర్వేషన్ ఆఫీసులో గుమస్తాను. వేళ తప్పడం నాకు గిట్టదు. ఏళ్లుగా దినచర్య రాస్తున్నాను. సూరి సెలవు ముగిసిన రోజు పేజీలో అతని బండి ఎంత ఆలస్యంగా కదిలిందో ఉంది, ఏ బెర్తు ఇప్పించానో ఉంది. ప్లాట్‌ఫారం మీద అతను నన్నేమి అడిగాడో లేదు. అన్నీ రాసుకునే మనిషి ఒక్కటి మాత్రం వదిలేస్తే, దాన్ని మరపు అనవచ్చా?

అతని తల్లి పోలమ్మ పిన్ని అప్పుడు పలాసలో, మంచం పట్టిన చెల్లెలి దగ్గర ఉంది. కొడుకు సెలవులో వచ్చాడని తెలిసినా రాలేకపోయింది. చివరికి బయలుదేరింది, మర్నాడు పొద్దున దిగుతుంది. సూరి సంచి కింద పెట్టి, నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

“అన్నియ్యా, టికెట్టు రేపటికి మార్పించు. అమ్మని సూసి ఎల్తాను. ఒక్కరోజే కదా.”

మార్చడం నా చేతిలో పని. ఒకరోజు ఆలస్యానికి పైవాళ్లు అతన్ని దండించేవారేమో. అంతకు మించి ఏమీ జరిగేది కాదు. కానీ సాగనంపడానికి వచ్చిన అతని స్నేహితులు పక్కనే ఉన్నారు. నేను గొంతు పెంచి అన్నాను.

“మిలట్రీవోడివై అమ్మ కొంగట్టుకు తిరుగుతావేటి? ఎక్కు.”

అతనేమి అడిగాడో తెలియకుండానే వాళ్లు నవ్వారు. సూరీ నవ్వాడు. ఎక్కాడు.

తిరిగి వచ్చింది అతని శవపేటిక. వీధంతా చేరింది. ఆ జనం మధ్య పిన్ని నన్ను ఒక్కటే అడిగింది: “ఒక్కరోజు ఆగనేకపోనాడేటి బాబూ?”

నిజం చెప్పవలసిన ఘడియ అదే. నేను ఆ వాక్యం చెప్పాను. పెద్దలు కళ్లు తుడుచుకున్నారు. రాయి తెప్పించి అదే చెక్కించారు. మా వీధిలో ఎవరూ అంత పుస్తకభాష మాట్లాడరని ఒక్కరికీ తట్టలేదు.

ఏటా అతను పోయిన రోజున పిన్ని ఆ రాయిని కడిగి, సొంతూళ్లో అమ్మవారికి చేసినట్టే పసుపు పూసి బొట్టు పెడుతుంది. బెంగాలీ దీదీలు ధూపం వేస్తారు. దగ్గర్లోని సాలువా సాయుధ దళం క్యాంపు నుంచి ఒకాయన వచ్చి బ్యూగిల్ ఊదుతాడు. తర్వాత పిల్లలు ఆ వాక్యాన్ని పైకి చదువుతారు. పిన్నికి చదువు రాదు. వింటుంది. వీధికంతటికీ గర్వకారణమైన ఆ మాట, కన్నకొడుకు తన కోసం ఒక్కరోజు ఆగలేదని ఆమెకు ఏటేటా నలుగురి ఎదుటా గుర్తుచేస్తూ ఉంటే, నేను ముందు వరసలో చేతులు కట్టుకుని నిలబడేవాణ్ని. ఆమెను ఓదార్చానని మొదట్లో నమ్మాను. నేను ఓదార్చింది ఎవరిని?

ఈ ఏడు ఆమె చేతులు వణుకుతున్నాయని నీళ్ల బిందె నేను మోశాను. ఇంకా ఎవరూ రాలేదు. చెప్పేశాను. అతను అడిగింది, నేనన్నది, ఆ తర్వాత కల్పించింది, ఏదీ తగ్గించకుండా.

“ఏటన్నాడు? మళ్లీ సెప్పు,” అంది.

“అమ్మని సూసి ఎల్తానన్నాడు పిన్నీ.”

మళ్లీ చెప్పించుకుంది. తర్వాత, రాతి మీద ఆ మాటలెక్కడున్నాయని అడిగింది. ఆమె వేలు పట్టుకుని చూపించాను. గిన్నెలోని పసుపు ముద్ద మొత్తం తీసి, అక్షరం కనబడకుండా ఆ గాడులన్నిటిలో కూరింది. పిల్లలు వచ్చి చదవబోతే పేరొక్కటే మిగిలింది. పేరే చదివారు.

బిందె నా చేతిలోంచి తీసుకుని తనే మోసుకుపోయింది. ఆ తర్వాత నన్ను బాబూ అని పిలవలేదు. వీధిలో ఎవరికీ చెప్పనూ లేదు. అది నా మీది దయా, నా పేరు నోట రానివ్వకూడదన్న పట్టుదలా? అడిగే హక్కు నాకు లేదు.

నిన్నటి వానకు పసుపు కారిపోయింది. ఈ ఉదయం ఆఫీసుకు వెళుతూ చూశాను, అక్షరాలు మళ్లీ బయటపడ్డాయి. అందుకే ఇది రాస్తున్నాను. సూరి అన్నది, ‘అమ్మని సూసి ఎల్తాను’ అని. ఆ మాట రాయగానే కాస్త ఊపిరాడింది. అంతే.