వెనక సీటు కింద బ్యాటరీ

ఇంజనుకు చోటు చాలనప్పుడు మా ఇంట్లో ఎవరి చోటు తీసుకున్నారో చెబుతాను. ఇన్నేళ్లయినా ఈ సంగతి చెప్పేటప్పుడు నా గొంతు లేస్తుంది. లేవనీ.

మాది వరంగల్ బజారులో నెయ్యి, నూనెల దుకాణం. అరవైలు మొదలైన రోజుల్లో మా బాపు హైదరాబాదులో ఒక పాత పెట్రోలు కారు కొన్నాడు. నేనప్పుడు హైస్కూల్లో ఉన్నాను. పేరుకు ఇంటి కారే గానీ నెలంతా దుకాణానికే చాకిరి చేసేది. డిక్కీ నిండా నెయ్యి డబ్బాలు, ముందు సీట్లో డ్రైవరు పక్కన బాపు. అమ్మకు అది దొరికేది అమావాస్య నాడు ఒక్కరోజే, ఎందుకంటే ఆ రోజు మా బజారులో దుకాణాలు బందు. అమావాస్య నాడు ప్రయాణం పనికిరాదని లోకమంతా అంటుంది. మా ఇంట్లో ఆడవాళ్ల ప్రయాణానికి అదే పనికొచ్చింది.

అమ్మ పోయేది తొర్రూరుకు, తన అక్క దగ్గరికి. తోడు నేను. మా పెద్దమ్మకు పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. పెదనాన్న ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. పెదనాన్న వైపు పాలివాళ్లు ఇంత వండి పెట్టేవారు గానీ, వేడినీళ్లతో ఒళ్లు కడిగి, తలకు నూనె పెట్టి చిక్కు తీసి, కూర్చుని కష్టసుఖాలు మాట్లాడే మనిషి అమ్మ ఒక్కతే. అక్కడ ఆమె, ఇక్కడ ఈమె అమావాస్య కోసం కళ్లలో వత్తులు వేసుకుని చూసేవాళ్లు. బస్సులో పోయొస్తానంటే బాపు పరువు అడ్డం వచ్చేది.

కారు పెట్రోలు తెగ తాగుతోందని బాపు దాని ఇంజను పీకించి డీజిల్ ఇంజను పెట్టించాడు. అప్పట్లో చాలామంది చేయించిన పనే అది. స్టేషను రోడ్డులో ఒక మిస్త్రీ అందులో చేయితిరిగినవాడు. కొత్త ఇంజను వెడల్పు ఎక్కువ, బ్యాటరీని నిలబెట్టే ఇనుప తట్టను కోసేస్తే తప్ప లోపల పట్టలేదు. పైగా డీజిల్ ఇంజను లేవాలంటే మునుపటి కంటే పెద్ద బ్యాటరీ కావాలట. మరి దాన్ని ఎక్కడ పెట్టాలని అడగడానికి మిస్త్రీ మా ఇంటికొచ్చాడు. నేను లోపలి గడప దగ్గర నిలబడి అంతా విన్నాను.

"డిక్కీల పెడదం సేటు. చెక్క డబ్బా చేసి, మూత పెట్టి, గాలి పోయేతందుకు కింద బొక్క ఇడుస్త," అన్నాడు మిస్త్రీ.

"డిక్కీల నెయ్యి డబ్బాలుంటయి. దానికి యాసిడ్ వాసన పడితె ఎవడు కొంటడు?" అన్నాడు బాపు.

"మరి ఎనక సీటు కింద జాగ ఉన్నది. గని డబ్బా మాత్రం పక్కా చెయ్యాలె."

"డబ్బా గిబ్బా ఏం వద్దు, ఉత్తగనే పెట్టు. ఆడోళ్లే గదా కూసునేది. అది గూడ నెలకొక్కసారి."

ఆ మాట అన్నప్పుడు బాపు గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. గోడకు మేకు ఎక్కడ కొట్టాలో చెప్పినట్టు చెప్పాడు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది అందుకే. కోపంలో నోరు జారి ఉంటే నేనూ ఎప్పుడో మరిచిపోయేదాన్ని.

బ్యాటరీ వెనక సీటు కిందికి, అమ్మ కూర్చునే పక్కకు వచ్చింది. కారుకు లారీ మోత వచ్చింది. వర్ధన్నపేట దాటాక రోడ్డంతా గుంతలే. గుంత గుంతకూ సీటు కింద ఏదో తొణికేది. మురిగిన కోడిగుడ్డు వాసన లేచేది, కళ్లు మండేవి, అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గేది. తిరిగొచ్చాక తొడల మీద దురద. ఆ దురద ఎవరికి చూపించుకుంటుంది, ఏమని చెప్పుకుంటుంది?

చీరల సంగతి వేరే. ఇంటికొచ్చి విప్పినప్పుడు చీర బాగానే కనిపించేది. ఉతికి ఆరేసిన తర్వాత చూస్తే, కూర్చున్న చోట జల్లెడ. రెండు మూడు నేత చీరలు అట్లా పోయాయి. "చాకలామె బండకేసి పగ తీరేటట్టు బాదుతాంది, మనిషిని మార్చు," అన్నాడు బాపు. ఆ పిచ్చితల్లి వాకిట్లో నిలబడి ఒట్లు పెట్టుకుంది. తొర్రూరుకు కట్టుకుపోయిన చీరలే ఎందుకు పోతున్నాయని అమ్మకు అనుమానం వచ్చింది. ఒక మధ్యాహ్నం నేనూ అమ్మా కలిసి వెనక సీటు ఎత్తాం. బ్యాటరీ మీద తెల్లగా, పచ్చగా పొక్కు కట్టి ఉంది. సీటు లోపలి కొబ్బరి పీచు నల్లబడి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది.

అమ్మ ఆ పీచును గుప్పెట్లో పట్టుకుపోయి బాపుకు చూపించింది. "జర దాన్ని ఇంకో దిక్కు పెట్టియ్యిండ్రి," అని అడిగింది. అడగడం కూడా కాదు, బతిమాలింది.

"పాత చీర కట్టుకొని పో. ఆడికి పోయినంక మంచిది కట్టుకో. గింతదానికి ఎందుకు ఫికర్?" అన్నాడు బాపు, గొప్ప ఉపాయం చెప్పినట్టు. చాకలామెను అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

అప్పటి నుంచి అమ్మ చినిగిన చీర కట్టుకుని, సీటు మీద గోనెసంచి పరుచుకుని, మంచి చీర సంచిలో పెట్టుకుని అక్క ఇంటికి పోయేది. దొంగతనంగా పోతున్నట్టు ఉండేది మాకు. ఒకసారి చీర మార్చుకునే లోపలే పొయ్యి మీది నీళ్లు దించడానికి వంగింది. మంచంలోంచి పెద్దమ్మ చూడనే చూసింది.

"గా చినుగులేందే చెల్లె? నీ మొగడు బట్టలు గూడ కొనిస్తలేడా?" అంది, పడిపోయిన మూతితో ఒక్కో మాటా కూడదీసుకుంటూ. అమ్మ బ్యాటరీ అంది, యాసిడ్ అంది. పెద్దమ్మ నమ్మలేదు. ఎవరు నమ్ముతారు? "నా కోసం వచ్చి నీ ఇంట్ల మాటలు పడకు. ఇంక రాకు," అని గోడ వైపు తల తిప్పుకుంది.

ఇల్లు చేరేదాకా నేను ఏడ్చాను, కోపంతో.

మరుసటి అమావాస్యకు బాపు కూడా బయలుదేరాడు. తొర్రూరులో ఒక వ్యాపారికి ఒంట్లో బాగాలేదట, చూసి రావాలట. పాలలాంటి కొత్త ధోతి కట్టాడు. ఆయన బయటికి వచ్చేసరికి అమ్మ ముందు సీట్లో కూర్చుని ఉంది.

"అమ్మా, అది సేటు కూసునే జాగ," అని డ్రైవరు అప్పటికే ఒకసారి చెప్పి చూశాడు. "తెలుసు," అంది అమ్మ.

"ఏందిది? ఎనకకు పో," అన్నాడు బాపు, నలుగురికీ వినపడకుండా.

"ఎనక కూసుంటె నాకు దగ్గొస్తాంది," అంది అమ్మ, అందరికీ వినపడేటట్టు.

అరుగుల మీద ఎదురింటివాళ్లు, పక్కింటివాళ్లు చూస్తున్నారు. బజారులో భార్యతో కొట్లాట పెట్టుకుంటే పరువేం కావాలి? బాపు వచ్చి నా పక్కన, అమ్మ చోట్లో కూలబడ్డాడు. గోనెసంచి మడతపెట్టి అమ్మ ఒళ్లో ఉంది. ఆమె ఇవ్వలేదు, నేనూ అడగలేదు. దారి పొడుగునా కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని, తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. పెట్టించింది తనే కదా, ఏమని అంటాడు?

ధోతి చాకలి నుంచి తిరిగొచ్చిన రోజే మిస్త్రీకి కబురు పోయింది. మొదట మిస్త్రీ చెప్పిన డిక్కీలోనే, చెప్పినట్టే చెక్క డబ్బా, దానికి మూత, కింద గాలికి బొక్క. నెయ్యి డబ్బాలు కాస్త అటు జరిగితే సరిపోయింది. అన్ని చీరలు కాలినా దొరకని చోటు ఒక్క ధోతికి దొరికింది!

అంతటితో ఊరుకున్నాడా? "మా ఆడోళ్లకు తక్లీఫ్ అయితాందని బ్యాటరీని డిక్కీలకు మార్పిచ్చిన," అని దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. ఆలికి అన్నం పెట్టి ఊరికి ఉపకారం చేశానన్నాడట వెనకటికొకడు. వాళ్లు కూడా మీది పెద్ద మనసు సేటూ అని మెచ్చుకుని పోయేవారు. లోపలి గదిలో అమ్మ వినేది. వింటూ బియ్యం ఏరుకునేది.

తర్వాతి అమావాస్య వచ్చింది. తొర్రూరు వ్యాపారికి ఇంకా నయం కాలేదు, బాపు మళ్లీ తయారయ్యాడు. అమ్మ మళ్లీ ముందు సీట్లోనే కూర్చుంది. ఈసారి మంచి చీర కట్టుకుంది. పెద్దమ్మ రావద్దన్నా పోతూనే ఉంది.

బాపు నవ్వుతూనే వచ్చాడు. "ఇంకేంది? ఎనక ఇప్పుడు ఏం లేదు గదా. పోయి సుఖంగ కూసో."

"ఏం లేదు గద," అంది అమ్మ. "మీరే కూసోండ్రి."

బాపు నవ్వు ఆగిపోయింది. తలుపు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. డ్రైవరు ఒకసారి ఆయన వైపు, ఒకసారి అమ్మ వైపు చూశాడు.

"పోనియ్యి," అంది అమ్మ డ్రైవరుతో. "అక్క చూస్తాంటది."

డ్రైవరు పోనిచ్చాడు, బాపు లేకుండానే.