గండికోటలో నేను హీరోను చంపిన వైనం

తప్పులు అందరూ చేస్తారు. కూరలో ఉప్పు రెండుసార్లు వేసింటారు. ఒక పెళ్లికని పోయి పక్క మండపంలో ఇంకో పెళ్లి భోజనం తినేసి వచ్చింటారు. నేను ఇరవై రెండేండ్లకే ఒక పెద్ద సినిమా హీరోను చంపినా. అదీ సాయంత్రం ఆరున్నరకు, మూడు ఊర్ల జనం చూస్తాండగా, పట్టుచీర కట్టుకోని, నవ్వుమొగంతో! ఆయన పేరు మాత్రం అడగొద్దండి. ఆయన అభిమానుల్లో కొంతమంది ఇంకా నన్ను క్షమించలేదు, మేం ఇంకా ఇల్లు మారలేదు.

అప్పట్లో నేను ప్రొద్దుటూరులో ఒక కేబుల్ ఛానెల్లో సినిమా వార్తలు చదివేదాన్ని. ఛానెలంటే ఏందేందో ఊహించుకోవద్దండి. మిద్దె మీద ఒక గది, గోడకు నీలం గుడ్డ. ఫ్యాను వేస్తే గుడ్డ ఎగురుతుంది, ఆపితే నా మొగం మీద పౌడరు కారుతుంది. ఓనరు ఓబులేసు మామ. నాకొక్కదానికే కాదు, ఊరంతటికీ మామే. కెమెరా మస్తాన్ అన్నది. పెళ్లి వీడియోలు తీసి తీసి, వార్త చదివే నాకు కూడా "కొంచెం తల దించమ్మా, సిగ్గుపడు" అని చెప్పే రకం.

హీరోయిన్ల పెళ్లిళ్లు, విడాకులు, పాటలు పాడే విదేశీ పిల్ల జుట్టుకు వేసుకున్న పచ్చరంగు, అన్నీ ఫోన్లో చదువుకోని "విశ్వసనీయ వర్గాల సమాచారం" అని చెప్పేదాన్ని. ఆ వర్గాలు యాడ ఉంటాయో నాకూ తెల్దు.

ఒకరోజు పొద్దున ఓబులేసు మామ మెట్లెక్కి రొప్పుకుంటా వచ్చినాడు.

"పాపా శైలజా! గండికోటలో షూటింగంట! హీరో ఆయప్పే వచ్చినాడంట! జమ్మలమడుగులో మా బామ్మర్ది చెప్పినాడు. పోయి ఇంటర్వ్యూ పట్టుకోని రా!"

"లోపలికి రానిస్తారా మామా?"

"అడిగితే కదా వద్దనేది? అడగాకు!"

మస్తాన్ అన్న బండి మీద, ఒళ్లో కెమెరా పెట్టుకోని పోయినా. మేం పోయేసరికి యూనిట్ వాళ్లంతా దూరంగా షామియానా కింద భోజనాల్లో ఉండారు. అడ్డం చెప్పేదానికి ఒక్క మనిషి లేడు. లోయ అంచున బండ మీద, ఒంటరిగా కూచోనుండాడు హీరో! భుజాల దాకా జుట్టు, గుబురు గడ్డం, నల్లకోటు, మొగం నిండా రక్తం రంగు. నా గుండె కొట్టుకున్న చప్పుడుకు కింద పెన్నేట్లో కొంగలు లేచిపోయింటాయి.

మస్తాన్ అన్న కెమెరాలో చూసి గొణిగినాడు. "పాపా, మొగం కొంచెం తేడాగా ఉన్నట్టుందే?"

"అంత రక్తం పూసుకుంటే నీ మొగం కూడా తేడాగానే ఉంటాది. కెమెరా పెట్టన్నా!"

దగ్గరికి పోయి దండం పెట్టినా. "నమస్తే సార్! మీ గురించి తెలుసుకోవల్లని మా జనం శానా ఎదురు చూస్తాండారు."

ఆయన గబుక్కున లేచి నిలబడినాడు. కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. "నా గురించా మేడం? ఇంతవరకు నన్ను ఎవురూ అడగలేదే!"

ఎంత వినయం! గొప్పోళ్లంటే ఇట్లుండల్ల అనుకున్నా. చూడండి, మనిషి మునిగిపోయే ముందు నీళ్లు ఎంత చల్లగా ఉంటాయో!

సార్ మొగం మీద నీడ పడతాంది. ఆ బండ వెనకాల ఒక బట్టతలాయన లుంగీ కట్టుకోని, మిరపకాయ బజ్జీ తింటాండాడు.

"ఏమప్పా, ఊరికే కూచోనుండావు కదా, ఆ తెల్ల అట్ట పట్టుకో. సార్ మొగం మీదికి వెలుగు కొట్టల్ల."

ఆయన వెనక్కి తిరిగి చూసినాడు, ఇంకెవురినన్నా పిలిచినానేమో అని. "నేనా?"

"నువ్వే! ఇంకా పైకెత్తు. అన్నం తినలేదా ఏంది?"

ఆయన లుంగీకి చెయ్యి తుడుచుకోని, మారుమాట లేకుండా అట్ట ఎత్తినాడు. నేను మైకు ముందుకు పెట్టినా.

"సార్, హీరోయిన్ మేడంతో మీకు ఎట్లా కుదిరింది?"

"కుదిరేదేముంది మేడం? ఆయమ్మ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆయమ్మ వస్తే నన్ను పక్కకు పంపిచ్చేస్తారు."

ఇంత పెద్ద గొడవ జరుగుతాంటే రాష్ట్రంలో ఒక్క పేపరు రాయలేదే!

"మీ సొంతూరి గురించి చెప్పండి సార్."

"మాది పులివెందుల పక్కనే కదా. నాలుగెకరాల చీనీకాయల తోట ఉండె. బోర్లు ఎండిపాయ, చెట్లు ఎండిపాయ. అందుకే ఈ పనికొచ్చినా."

మైకు చేతిలోనుంచి జారింది. మన హీరో మన జిల్లా మనిషా! ఎన్ని పత్రికలు ఎన్ని అబద్ధాలు రాసినాయి!

"సార్, ఆఖరి ప్రశ్న. క్లైమాక్స్ ఎట్లుంటాది?"

"ఇదే కదా క్లైమాక్స్! ఈ బండ మీదినుంచి పడి చచ్చిపోతా. పొద్దున్నుంచి నాలుగుసార్లు చచ్చినా. భోజనాలయినాక ఇంకోసారి చావల్లంట."

"చచ్చినట్టు పడి, మళ్లీ లేస్తారు కదా సార్?"

"లేసేది లేదు మేడం. కింద శవం మీదికి పూలు గూడా తెప్పిచ్చినారు."

తెల్ల అట్ట గడగడా వణికింది. బట్టతలాయన నోరు తెరుచుకోని నిలబడిపోయినాడు.

"ఏమప్పా, జ్వరమా? సరిగ్గా పట్టుకో!" అని కసిరినా.

ఆ సాయంత్రం నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "హీరోయిన్‌తో మాటల్లేవు! హీరో మన పులివెందుల బిడ్డ! సినిమా ఆఖర్లో హీరో చచ్చిపోతాడు!" మూడు వార్తలు, మూడు బాంబులు.

తెల్లారేసరికి ప్రొద్దుటూరు సెంటర్లో "అన్నా, నువ్వు చావొద్దు" అని ఫ్లెక్సీ లేచింది. జమ్మలమడుగులో హీరోయిన్ అభిమానులు "మా మేడంతో మాట్లాడనోడి సినిమా మా ఊర్లో ఆడదు" అని థియేటరు ముందర కూచున్నారు. పులివెందులలో ఒకావిడ "వాణ్ని చిన్నప్పుడు నేనే నీళ్లు పోసి పెంచినా" అని ఏడుస్తాంటే, చుట్టూ జనం ఆమెను ఓదారుస్తాండారంట. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటికి మైకు తోడయింది కదా, మూడు ఊర్లు చెడిపోయినాయి.

పదిగంటలకు ఓబులేసు మామకు ఫోనొచ్చింది. వింటా వింటా అట్లే కేబుల్ వైర్ల చుట్ట మీద కూలబడినాడు.

"పాపా... డూపంట."

"ఏ సోపు మామా?"

"సోపు కాదే తల్లీ, డూపు! నువ్వు ఇంటర్వ్యూ చేసింది హీరోను కాదు. హీరో బదులు కిందపడే మనిషిని! పేరు గంగాధరంట. వాణ్ని ఈ పొద్దే పని నుంచి తీసేస్తారంట!"

నా పరువు పోతే పోయింది, ఆ మనిషి నోటికాడి కూడు నా వల్ల పోతాంది. మస్తాన్ అన్నను లాక్కోని మళ్లీ గండికోటకు పోయినా.

గంగాధర సంచి సర్దుకోని, ఒక పెద్ద వ్యాను పక్కన కూచోనుండాడు. మొగం కడిగితే పాతికేండ్లు గూడా లేవు.

"నేను డూపునని మీకు తెల్దా మేడం?" అని నిమ్మళంగా అడిగినాడు. "మాలాంటోళ్ల గురించి కార్యక్రమం అనుకుంటి. మా అమ్మ ఊరందరినీ పిలిచి టీవీ ముందర కూచోబెట్టింది."

కోపంగా తిట్టింటే ఓర్చుకునేదాన్ని.

అంతలో వ్యాను తలుపు తెరుచుకునింది. నిన్నటి బట్టతలాయన అదే లుంగీతో దిగినాడు.

"ఏమప్పా, మీ హీరో సార్ యాడుండాడు? నేను కాళ్లు పట్టుకోవల్ల" అన్నా.

వెనకనుంచి ఒకతను పరిగెత్తుకుంటా వచ్చి, "సార్, విగ్గు రెడీ" అన్నాడు.

ఆ విగ్గు ఆ గుండు మీదికెక్కింది. సామీ! గండికోట లోయ నా కాళ్ల కింద ఇంకో పది నిలువులు దిగినట్టయింది. మస్తాన్ అన్న దిక్కు చూస్తినా, దండం పెట్టేదానికి చేతులెత్తి, ఎత్తిన చేతులతోనే రెండడుగులు వెనక్కి పోయినాడు.

"నిన్న అన్నం తినలేదా అంటివి కదమ్మా," అన్నాడు హీరో. "ఈ పొద్దు తిన్నా. అట్ట పట్టుకోమంటావా?"

"సార్, తప్పంతా నాది! గంగాధరను పంపియ్యొద్దండి సార్!" ఏడుపొక్కటే తక్కువ. కాదు, అదీ వచ్చేసింది.

"పంపిచ్చేదేంది? ఆయన చెప్పకపోతే, నేను ఈ సినిమాలో చచ్చిపోతానని నాకు తెలిసేదే కాదు!"

అప్పటికే చుట్టూ మూగిన యూనిట్ వాళ్లంతా డైరెక్టరు దిక్కు చూసినారు. ఆయన ఉన్నట్టుండి ఆకాశంలో మబ్బులు లెక్కపెట్టబట్టినాడు.

"పడతారు సార్, వెంటనే లేస్తారు అని నాకు చెప్తివే," అన్నాడు హీరో. "మరి పూలెందుకు తెప్పిస్తివి?"

గంగాధర సంచి మళ్లీ లోపలికి పోయింది. క్లైమాక్స్ మారింది. హీరో లోయలో పడినాక కూడా లేచొచ్చి నలభైమందిని కొట్టేటట్టు రాసినారు. సినిమా వచ్చిన రోజు ప్రొద్దుటూరులో మొదటి ఆటకు నేనూ పోయినా. హీరో లోయలోనుంచి పైకి లేచినాడు. హాల్లో ఒక్క ఈలా పడలేదు. వెనకనుంచి ఆయన అభిమానే ఒకడు అరిచినాడు: "చచ్చిపోయింటే బాగుండె కదన్నా!"

రెండోవారానికి సినిమా లేదు. ఆ మొదటి ఆట నుంచి బయటికొస్తాంటేనే ఫ్లెక్సీ కట్టినోళ్లే నన్ను చుట్టుకున్నారు. "నువ్వే కదక్కా, అనవసరంగా బతికిచ్చింది?" చంపినందుకు తిట్టినోళ్లే బతికించినందుకూ తిడితే ఇంక మనిషి యాడికి పోవల్ల చెప్పండి?

ఆ పొద్దే చెప్పులిడిచి, చేతులు కట్టుకోని ఒట్టు పెట్టుకున్నా. ఎదురుగా సాక్షాత్తూ దేవుడే వచ్చి నిలబడినా, "స్వామీ, మీరు అసలా, డూపా?" అని అడగంది వరం కూడా కోరను.

ఆ ఒట్టు ఇంతవరకు తప్పలేదు. నా పెళ్లిచూపుల్లో కూడా ఎదురుగా కూచున్నాయన్ను అదే మాట అడిగినా. మా అమ్మ తల బాదుకునింది. అడిగినందుకే బతికిపోయినా. అరగంట నుంచి నేను సిగ్గుపడతాండింది పెళ్లికొడుకు బావను చూసి అంట!