చార్జి లేని రోజు

ఈ పొద్దున మా అమ్మాయి కాలేజీకి పోయే హడావిడిలో తన కొత్త ఆటవస్తువును డైనింగ్ టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయింది. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద ప్లాస్టిక్ డబ్బా, మధ్యలో బొటనవేలి గోరంత తెర, పక్కన మూడు మీటలు. తెరలో ఒక గుడ్డు పగిలి రాక్షసి పిల్ల పుడుతుంది. ఆకలేసినా జబ్బు చేసినా కీచుమని పిలుస్తుంది. వెంటనే పలికి చూసుకుంటే పెద్దదవుతుంది, లేకపోతే చచ్చిపోతుంది. నా చిన్నప్పటి ఆ ఆటను జపాన్ కంపెనీవాళ్ళు మళ్ళీ తెచ్చారని తెలిసి, అమ్మాయి పేరు చెప్పి నేనే తెప్పించాను. ఇంట్లో అందరికీ సంగతి తెలుసు, నలభై దాటిన మనిషిని ఏమంటాంలే అని ఊరుకున్నారు. అమ్మాయి వెళ్ళిన ఐదు నిమిషాలకే అది కూత పెట్టింది. నా చెయ్యి సగం దూరం పోయి ఆగిపోయింది. నాకు తాత గుర్తొచ్చాడు.

అప్పుడు మేం బోయిగూడలో ఉండేవాళ్ళం. ఆ రాక్షసుల కార్టూన్ ఆదివారం పొద్దున హిందీలో వచ్చేది. ఒక్కో పిల్లకు ఒక్కో రాక్షసి తోడు. పిల్లకు ధైర్యం వస్తే రాక్షసి రూపం మారేది, పిల్ల తప్పుదారి పడితే అదీ పాడయ్యేది. తర్వాత ఎన్ని కొత్త కథలు, సినిమాలు, కార్డులు వచ్చాయో లెక్కలేదు. అన్నీ చూశాను, ఇప్పటికీ ఫోన్‌లో చూస్తూనే ఉన్నాను. ఆ పిల్లలూ రాక్షసులూ విడిపోయే ఆఖరి భాగం వచ్చినప్పుడు మాత్రం బాత్రూంలోకి పోయి చూస్తాను. పెంచే తీరును బట్టే అది ఏమవుతుందనేది ఉంటుందనే మాట నన్ను అప్పుడే పట్టేసింది. బొంబాయి నుంచి మా చిన్నాయన ఆ డబ్బా తెచ్చినప్పుడు మా గల్లీ మొత్తంలో అలాంటివి రెండే. ఒకటి నాది, ఇంకొకటి ఎదురింటి దోస్తుది. రెండింటి కొనలు ఆనిస్తే రాక్షసులు కొట్లాడుకునేవి. పెట్టె మీదంతా జపాన్ రాత కావడంతో ఏ మీట దేనికో తెలుసుకునేలోపే నా డబ్బాలో పుట్టిన మొదటి రెండు రాక్షసులూ కన్నుమూశాయి.

మూడోదాన్ని కాపాడింది తాతే. బడికి దాన్ని తీసుకుపోతే టీచర్ లాక్కుంటుంది, ఇంట్లో వదిలితే ఆకలికి చస్తుంది. ఆయన రైల్వేలో కేబిన్ ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. పట్టాలు మార్చే లీవర్లు లాగడమే ఆయన పని. ఇంట్లో ఖాళీగా కూర్చోలేక గోడ గడియారానికి రోజూ రెండు పూటలా కీ ఇచ్చేవాడు. చూసుకోమని అడిగితే డబ్బాను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, "సరే బిడ్డా, గాని చార్జి ఇచ్చి పో" అన్నాడు. డ్యూటీ దిగేవాడు ఎక్కేవాడికి పనిని నోటితో చెప్పి అప్పగించడాన్ని రైల్వేలో చార్జి ఇవ్వడం అంటారట. ఆ రోజు నుంచీ అదే పద్ధతి. నేను బూట్లు వేసుకుని ఆయన ముందు నిలబడి, "కడుపు నిండింది, జబ్బు లేదు, చార్జి ఇస్తున్న" అనాలి. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి, "చార్జి తీస్కున్న" అని చెప్పి గీతల నోట్‌బుక్‌లో టైము వేసి సంతకం పెట్టేవాడు. సాయంత్రం నేను వచ్చాక ఇదే తంతు తిరగేసి జరిగేది. మా అమ్మ వంటింట్లోంచి చూసి నవ్వు ఆపుకునేది. పిలిచినా పలకకపోతే ఆ డబ్బా మన తప్పుల్ని లోపల లెక్కపెట్టుకుంటుందని నేను చెప్పినప్పుడు తాత చాలా గౌరవంగా తలూపాడు. "మా సర్వీసుల సుత గంతే. రిమార్కు పడిందంటే మల్ల పోదు" అన్నాడు. ఆయన పెంపకంలో మా రాక్షసి ఒక్క రిమార్కూ లేకుండా పెద్దదైంది. ఇంకో రెండు రోజులు బతికితే ఆఖరి రూపం వస్తుంది. వచ్చే ఆదివారం మా మెట్ల మీద దోస్తు రాక్షసితో కొట్లాటకు ముహూర్తం పెట్టుకున్నాం, గల్లీ పిల్లలందరికీ చెప్పేశాం.

ఆ శుక్రవారం నాకు పరీక్ష. ముందురోజు చిన్న కొట్లాటలో రాక్షసి దెబ్బ తిన్నది, దానికి గంటగంటకూ మందు పెట్టాలి. తాత పెరట్లో గడ్డం గీసుకుంటున్నాడు. బయట ఆటో అతను హారన్ మోగిస్తూనే ఉన్నాడు. ఆయనే చూసుకుంటాడు కదా అని డబ్బాను ఆయన కుర్చీ చేతి మీద పెట్టి పరుగెత్తాను. చార్జి ఇవ్వలేదు. ముఖాన సబ్బు నురగతోనే ఆయన గుమ్మంలోకి వచ్చి పిలిచాడట, అప్పటికే ఆటో మలుపు తిరిగింది.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి తాత ఆ కుర్చీలో లేడు. ఎదురుగా స్టూలు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. డబ్బా నేను పెట్టినచోటే ఉంది. తెరలో రాక్షసి లేదు, చావు గుర్తు ఒక్కటే ఉంది.

"మందు పెట్టలేదా, తాతా?"

"చార్జి నాది గాదు బిడ్డా. చార్జి లేంది చెయ్యి పెట్టరాదు."

"పక్కనే కూసోని చంపినవ్ నువ్వు" అన్నాను.

ఆదివారం దోస్తు మా మెట్ల మీద కూర్చుని ఎదురుచూసి పోయాడు. నేను తాతతో పది రోజులు మాట్లాడలేదు. తర్వాత ఒకసారి ఆయనే, "గుడ్డు మల్ల షురూ చేస్తవారా?" అని అడిగాడు. వద్దన్నాను. ఆ ఒక్క మాట నేను ఎంత కటువుగా అన్నానో నాకు ఇప్పటికీ చెవిలో వినిపిస్తుంది. ఆ తర్వాత మామూలుగానే ఉన్నాం. క్రికెట్ చూశాం, ఆయన మందులు నేనే తెచ్చేవాణ్ణి. మూడేళ్ళకు ఆయన పోయాడు. ఆ శుక్రవారం గురించి మాత్రం మేమిద్దరం మళ్ళీ ఒక్క మాటా ఎత్తలేదు.

దినాలప్పుడు నాన్న ఒక సంగతి చెప్పాడు. తాత వయసులో ఉన్నప్పుడు ఒక చిన్న స్టేషన్లో తోటి ఉద్యోగి టీ తాగడానికి చార్జి ఇవ్వకుండానే బయటికి పోయాడట. ఇంకొకాయన మంచితనానికి పోయి అతని బదులు లీవర్ లాగాడు. పట్టాల మధ్య మనిషి పనిచేస్తున్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆ మనిషి కాలు నలిగిపోయింది. ఆ మనిషిని భుజాన వేసుకుని వచ్చింది తాత. ఆ కథ విన్నాక ఆయన్ని అర్థం చేసుకున్నాననే అనుకున్నాను.

బోయిగూడ ఇల్లు ఖాళీ చేసి అల్వాల్ వచ్చేటప్పుడు ఆయన ఇనుప పెట్టెలో ఆ నోట్‌బుక్ దొరికింది. ప్రతి పేజీలో తిండి, మందు, శుభ్రం, టైముతో సహా. ఆఖరి పేజీ ఆ శుక్రవారానిది.

"పది ఇరవై. కూత. చార్జి లేదు.

పదకొండు ఐదు. కూత. చార్జి లేదు.

పదకొండు నలభై. రెండు కూతలు. చార్జి లేదు.

పన్నెండు యాభై. కూత ఆగింది."

దాని కింద వేరే సిరాతో ఇంకో మాట ఉంది. "పొద్దున ఆటో ఎంబడి ఉరికైనా నేనే అడిగి చార్జి తీస్కోవాల్సి ఉండె. తప్పు నాది." కింద సంతకం. పిలిచినప్పుడల్లా ఆయన విన్నాడు, విన్నదంతా రాసుకున్నాడు. పదకొండేళ్ళ పిల్లాడు విసిరిన మాటను తన సర్వీసులో పడిన రిమార్కులా మోశాడు. మూడేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, తప్పు నాది తాతా అని నేను ఒక్కసారి చెప్పలేకపోయాను. సామాన్లు మోసేవాళ్ళు చూస్తుండగానే ఏడ్చాను.

ఈ పొద్దున టేబుల్ మీద డబ్బా రెండోసారి కూసింది. నేను అమ్మాయికి ఫోన్ చేశాను.

"ఏందీ డాడీ, బస్సుల ఉన్న."

"నీ రాక్షసిని నేను చూస్కోవాల్నా?"

"చూస్కో. గిదేం అడుగుడు?"

"గట్ల గాదు. చార్జి ఇస్తున్న అను."

పక్కన ఎవరితోనో ఏదో అని నవ్వింది. "సరే, చార్జి ఇస్తున్న. ఖుషేనా?"

"చార్జి తీస్కున్న" అన్నాను. అన్నాక చూసుకుంటే నేను లేచి నిలబడి ఉన్నాను.

తిండి పెట్టాను. బీరువాలోంచి నోట్‌బుక్ తీసి ఆఖరి పేజీలో తాత సంతకం కింద, "తొమ్మిది పది. అడిగి చార్జి తీస్కున్న. తిండి పెట్టిన. ఆనాటి తప్పు నాది తాతా" అని రాసి సంతకం పెట్టాను. ఆయన సంతకానికీ నా రాతకూ మధ్య ఒక్క గీత ఖాళీగా మిగిలింది. ఇన్నేళ్ళ దూరం ఆ కాగితం మీద ఆ ఒక్క గీతంతే ఉంది.