రెండో బండి

రెండు మాటలున్న ఒక కాగితాన్ని పాతికేళ్లకు పైగా దాచుకుని ఉన్నాను. నాలుగు మడతలు పెట్టి నిఘంటువులో ఉంచాను. ఇల్లు మారిన ప్రతిసారీ ముందుగా వెతికేది దాన్నే. దాన్ని చింపెయ్యలేకపోయాను. ఎవరికీ చూపించలేకపోయాను. ఈ రెంటి మధ్య నా జీవితంలో సగానికి పైగా గడిచింది. తొందరగా చెప్పడం నాకు చేతకాదు. కాస్త ఓపిక పట్టండి.

నన్ను ఎరిగినవాళ్లు హేతువాది అంటారు. నేనూ అలాగే చెప్పుకున్నాను. వేలూరులో ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. మిగిలిన సమయమంతా బాబాల మీద, జాతకాల మీద, తాయెత్తుల మీద వ్యాసాలు రాసేవాణ్ణి, సభల్లో వాదించేవాణ్ణి. ‘రుజువు ఏది?’ అనేది నా ఊతపదం. ఎదుటివాడు మాట పూర్తి చెయ్యకముందే అడిగేవాణ్ణి. ఆ మాటకు వచ్చే చప్పట్లు నాకు ఇష్టం. దీన్ని కూడా ఒప్పుకోవాలి. తర్వాత జరిగినదానిలో ఆ చప్పట్లకు వాటా ఉంది.

దేశం తలుపులు తెరిచిందని పేపర్లు రాస్తున్న రోజులవి. బజారులో నెలకో కొత్త వస్తువు దిగేది. అలా ఒక మోటారు సైకిల్ వచ్చింది. చూడటానికి తాతల కాలం నాటి బండి. గుండ్రటి దీపం, ఉబ్బెత్తు ట్యాంకు. లోపల మాత్రం ఇనుముకు బదులు అల్యూమినియంతో చేసిన కొత్త ఇంజన్. అప్పు చేసి కొన్నాను. నెల తిరక్కుండా ఇంజన్ పైభాగంలో ఒక చప్పుడు మొదలైంది. చల్లగా ఉన్నంతసేపు ఏమీ ఉండదు. కాట్పాడి దాటి వేడెక్కేసరికి, ఎండిన కాయలో గింజలు కదిలినట్టు వినిపించేది. కొత్త ఇంజన్ అంటే అంతే, నడిచేకొద్దీ సర్దుకుంటుందని షోరూము వాళ్లు పంపించేశారు.

గుడియాత్తంలో మునిరత్నం అనే మెకానిక్ చెవితోనే లోపం పట్టేస్తాడని ఎవరో చెబితే వెళ్లాను. ఆయనా మాలాంటి తెలుగువాడే. అన్నదమ్ములంతా తాపీ పనిలో ఉంటే ఆయనొక్కడే బండ్ల వైపు వచ్చాడు. యాభై దాటిన మనిషి. నేను వెళ్లేసరికి షెడ్డులో గంగమ్మ పటం ముందు కర్పూరం వెలిగించి, కళ్లు మూసుకుని నిలబడి ఉన్నాడు. తర్వాత ఒక పొడవాటి స్క్రూడ్రైవర్ తీసి, దాని మొనను ఇంజన్‌కు ఆనించి, చెక్క పిడికి చెవి పెట్టాడు. చోటు మార్చి చోటు, చాలాసేపు విన్నాడు. పైకి నూనె సరిగ్గా ఎక్కడం లేదన్నాడు. గ్యారంటీ ఉన్న బండిని తాను విప్పకూడదట, షోరూములోనే నూనె దారి విప్పించి చూడమన్నాడు.

నేను ఆ మాట చెవిన పెట్టలేదు. కర్పూరాన్ని చూశాను, అంతే. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు గంగమ్మే ఆయన చెవిలో చెబుతుందని అనుకుంటుంటే విన్నాను. వారంలోగా వ్యాసం రాశాను. వ్యాసంతో ఆగలేదు. కళ్లకు గంతలు కట్టుకుని, అందరి ముందు, మూడు బండ్లలో లోపమున్నది ఏదో చెప్పగలవా అని సవాలు విసిరాను. తప్పించుకుంటాడనుకున్నాను. సరే అన్నాడు.

ఒక ఆదివారం పొద్దున, గుడియాత్తంలో నేతపనివాళ్ల సంఘం హాలు ముందు పరీక్ష పెట్టాం. మూడూ ఒకే రకం కొత్త బండ్లు. మొదటిది నాది, దాని చప్పుడును షోరూము వాళ్ల మాట మీద లోపంగా లెక్కెయ్యలేదు. మిగతా రెండూ బజారులో బట్టల కొట్లున్న మిత్రులవి. రెండో బండికి ట్యాపెట్ నేనే వదులు చేశాను. వాల్వును తోసే కడ్డీ కింద ఉండే చిన్న మర అది. కాస్త వదులైతే టక్ టక్ అంటుంది. బండితో ఇచ్చిన పుస్తకం చూసుకుంటూ, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా చేశాను. జవాబు తెలిసినవాడు ఒక్కడే ఉండాలి, లేకపోతే ఎవరి ముఖమో దాన్ని బయటపెడుతుందనుకున్నాను. కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించాను. అంకె వేస్తే వెలుతురుకు కనబడుతుందని అక్షరాల్లో రాశాను. తమిళంలో రాస్తే ఎవరైనా ముందే చదివేస్తారని తెలుగులో రాశాను. మా వైపు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం చదువుతారు. చిత్తూరులో చదువుకోవడం వల్ల నాకు తెలుగు అక్షరాలు వచ్చు. అక్కడ చేరినవాళ్లలో ఇంకెవరికీ రావు. ఇవన్నీ పరీక్ష నిక్కచ్చిగా జరగాలని తీసుకున్న జాగ్రత్తలే. అప్పటికి నా మనసులో మోసం లేదు. లేదనే అనుకుంటున్నాను. అయితే ఓడిపోయిన చెవి గురించి వ్యాసం ముందు రోజే ఎందుకు రాసిపెట్టుకున్నాను?

ఇంజన్లు వేడెక్కాక మునిరత్నం గంతలతోనే మూడు బండ్లూ విన్నాడు. తొందరపడలేదు. రెండోదాని దగ్గర కాలితో నేల మీద తాళం వేస్తూ ఎక్కువసేపు నిలబడ్డాడు. తర్వాత అందరికీ వినబడేలా చెప్పాడు.

“ఒకటో బండి నీది నాయనా. ఆ నూనె సప్పుడు నాకు తెలుసు, ఇంకా బాగు చేయించుకోలేదు నువ్వు. చేత్తో వదులు చేసింది రెండోది. పొగగొట్టం ఒక తూరి డుబ్ అంటే ఇది ఒక తూరి టక్ అంటా ఉండాది. కింద ఇంజన్ లోపల తిరిగే చక్రం కాడ లోపముంటే రెండు తూర్లు అనాల. కాబట్టి ఇది వాల్వుల కాడి సప్పుడే.”

నేను కవరు చించాను. కాగితం తీశాను. ‘రెండో బండి’ అని నా చేతిరాతే నాకు కనబడింది. జనం నన్నే చూస్తున్నారు. ఇది పైకి చదివితే ఇంకో పదేళ్లు ఈ ఊరు గంగమ్మ మహిమ గురించే చెప్పుకుంటుంది అనుకున్నాను. అలా అనుకున్నానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది గంగమ్మ కాదు, బల్ల మీద సిద్ధంగా ఉన్న నా వ్యాసం.

“ఒకటో బండి” అని చదివాను. కాగితాన్ని పైకెత్తి, అన్ని వైపులకూ తిప్పి చూపించాను.

నవ్వులు లేచాయి. గంగమ్మ ఈ పొద్దు లీవు పెట్టినట్టుండాది మేస్త్రీ, అని ఎవరో వెనక నుంచి అన్నాడు. మునిరత్నం గంతలు తీసి, వెలుతురుకు కళ్లు చికిలించాడు.

“గంగమ్మ చెప్పిందని నేనెప్పుడన్నాను? కర్పూరం నా భయానికి. వినింది ఈ చెవి” అని నా వైపు తిరిగాడు. “విప్పి చూస్తాం నాయనా. పది నిమిషాల పని. రెండోదాని మూత తీస్తే సాలు.”

“విప్పడం నియమాల్లో లేదు” అన్నాను. అంతకు ముందు ఆయన్ను అన్నా అని పిలిచేవాణ్ణి. ఆ మాటకు ఆ పిలుపు జోడించలేకపోయాను.

“నియమం యాడిది నాయనా? సప్పుడు యాడుండాదో ఆడ చూడాల కదా.”

ఆయన దగ్గరికి వచ్చి, నా చేతిలోని కాగితం మీదకు వంగాడు. గ్రీజు అంటకుండా, అక్షరాల కింద గాలిలోనే వేలు నడిపించాడు.

“ఇదేనా, ఒకటి అని ఉండేది?”

“అవును.”

“సరి. అట్లయితే నా చెవిదే తప్పు.”

వాదించలేదు. అలిగి వెళ్లలేదు. రాసి ఉందంటే ఉన్నట్టేనని నమ్మాడు. ముప్పయ్యేళ్లు తనను మోసం చెయ్యని చెవిని పక్కన పెట్టి, తనకు చదవడం రాని నా అక్షరాన్ని నమ్మాడు. మూఢనమ్మకం మీద అన్ని వ్యాసాలు రాసినవాణ్ణి, కళ్లెదుట చూసింది ఆ ఒక్కసారే. దాన్ని పుట్టించింది నేనే. పైగా గెలుపు నా చేతిలోనే ఉండింది. దేవత కాదు, కర్పూరం కాదు, ఇతను విని, లెక్క కట్టి, ఒక్కొక్కటే కొట్టేసి కనిపెట్టాడు చూడండి, హేతువంటే ఇదే అని ఆ జనానికి చెప్పి ఉండవచ్చు. ఆయనే చెప్పేశాడు కూడా. నేను కాగితం తిప్పుతూ నిలబడ్డాను.

బండి తిరిగి ఇచ్చేముందు ట్యాపెట్ బిగించేశాను. దాని యజమానికి ఇప్పటికీ తెలియదు. నా వ్యాసం అచ్చయింది. తిరుపత్తూరులో పిలిచి శాలువా కప్పారు. రుజువు ఏది అని అక్కడా అడిగాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య కూర్చున్నంత ఒంటరిగా నేను ఇంకెక్కడా కూర్చోలేదు. అంతమంది మిత్రులున్నారు. ఏ ఒక్కరితో అయినా చెప్పి ఉంటే వాళ్లు మిత్రులుగా మిగిలేవారా? తెలియదు. అడిగి చూడలేదు. వాళ్లను నెమ్మదిగా దూరం చేసుకోవడమే తేలికైంది.

ఆరు నెలలకు ఒడుగత్తూరు దారిలో నా బండి ఆగిపోయింది. షోరూములో విప్పారు. ఇంజన్ పోతపోసినప్పటి ఇసుక నూనె దారిలో ఇరుక్కుని ఉంది. పైభాగమంతా ఎండి అరిగిపోయింది. నేను అక్కడే నిలబడి చూశాను. గుడియాత్తం వెళ్లి ఈ మాటొక్కటైనా చెప్పవచ్చు. వెళ్లలేదు.

వెళ్లినవాళ్ల ద్వారా మాత్రం విన్నాను. మునిరత్నం స్క్రూడ్రైవర్ చెవికి పెట్టడం మానేశాడట. చిన్న చప్పుడుకు కూడా ఇంజన్ మొత్తం విప్పేస్తున్నాడట. గంటలో అయ్యే పనికి మూడు రోజులు. జనం తగ్గారు. రెండేళ్లకు షెడ్డు మూసేసి అన్నదమ్ములతో కట్టడం పనికి పోయాడు.

ఆ తర్వాత ఒకసారి చూశాను. వేలూరులో ఒక పెద్ద కట్టడం దగ్గర, కాంక్రీటు కలిపే యంత్రం పక్కన నిలబడి ఉన్నాడు. చెవుల్లో దూది పెట్టుకున్నాడు. నేను బండి ఆపాను. చెప్పాలనే ఆపాను. ఆ మోతలో ఆయన నన్ను గుర్తుపట్టి, నవ్వి, నా ఇంజన్ వైపు వేలు చూపించి, బాగుందా అన్నట్టు తల ఎగరేశాడు. ఆయన చెప్పిన చోటే పాడైందని చెప్పకుండా, ఏమీ కానట్టు బాగుందని తల ఊపాను. అది రెండో అబద్ధం. గేరు వేసి వచ్చేశాను.

ఆయన ఇప్పుడు ఉన్నాడో లేడో తెలియదు. ఇది క్షమాపణ కాదు. క్షమాపణైతే తమిళంలో రాయాలి, ఆయన పిల్లలు చదివి వినిపించగలిగే అక్షరాల్లో. తమిళం నాకు బాగా వచ్చు. అయినా రాయడానికి కూర్చుంటే చెయ్యి తెలుగులోకే వచ్చింది. మళ్లీ అక్కడే దాక్కుంటున్నానా? అవును, కొంతవరకు. కానీ ఇంకొకటి కూడా ఉంది. మీకు ఈ అక్షరాలు వచ్చు. ఆ రోజు హాలు ముందు మీలాంటివాడు ఒక్కడుంటే నేను అలా చదివి ఉండేవాణ్ణి కాదు.

నిఘంటువులోంచి కాగితం తీశాను. మడతల దగ్గర చిరుగుతోంది. ఆ రోజు పట్టుకున్నట్టే పైకెత్తి పట్టుకున్నాను. చెయ్యి కాస్త తేలికగా ఉంది, అంతే. ఇందులో ఒకటి అని లేదు. రెండో బండి అని ఉంది. చదవండి.